మనోళ్ల కార్డు

పోయిన వారం మా చిన్నవాడి పెండ్లి కార్డుల కోసం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం, నేనూ మా పెద్దకోడలూ. ఈ వయసులో ఇంకో పెండ్లి చేసే ఓపిక నాకు లేదు. లేదంటే వినేదెవరు? మెట్రో స్తంభాల కింద జనాన్ని తోసుకుంటూ పోయి, రెండంతస్తుల మెట్లెక్కి, దుకాణంలో కుర్చీ దొరకగానే కూలబడ్డాను. దుకాణదారు ఆల్బం తరువాత ఆల్బం తెచ్చి ముందు పెడుతున్నాడు. ఎర్రవి, పచ్చవి, తలుపుల్లా తెరుచుకునేవి, పెట్టెల్లో పెట్టినవి. నా కంటికి అన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, ఏదో ఆలోచిస్తూ, దాని మూలను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాను.

"గిది పద్నాలుగు రూపాలదా? తొమ్మిదికి ఒక్క పైస ఎక్కువ గాదు," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మేడమ్, మీరు గీ లైన్ల పనిచేసిండ్రా?"

నేను చెయ్యలేదు. చేసింది మా వదిన. ఆమె పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆ అలవాటు నా చేతికి ఎప్పుడు అంటుకుందో నాకే తెలియదు.

మా వదిన అంటే మా ఆయనకు సొంత అక్క. మేము బడంగ్‌పేటలో ఉంటాం, ఆమె మీర్‌పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేది. పెండ్లి కార్డులకు గణపతి బొమ్మలు అతికించడం, కుచ్చులు కట్టడం ఆమె పని. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లో ఉన్న కార్ఖానా నుంచి కార్డుల కట్టలు ఇంటికి తెచ్చుకునేది. అతికించి, ఆరబెట్టి, పాతిక చొప్పున కట్టి మళ్లీ ఇచ్చి వచ్చేది. ఆ కట్టల్ని మోసుకుని ఆమె షేర్ ఆటో ఎక్కిందంటే ఆ ఆటోలో మనం ఉండకూడదు. ఒకసారి నేనున్నాను. మూటకు కూడా సీటు పైసలు ఇవ్వాలని ఆటో అతను అన్నాడు.

"మూటకా? గిండ్ల మూడు లగ్గాలున్నయి. పెండ్లిపిల్లలను గూడ లెక్కబెడ్తవా?" అని వదిన తగులుకుంది. అంతటితో ఆగితే బాగుండేది. పక్కన కూర్చున్న కాలేజీ పిల్లను చూసి, "కాలు జర దగ్గర పెట్టుకో బిడ్డా, గిండ్ల గణపతున్నడు," అంది. పాపం ఆ పిల్ల ఇంటిదాకా మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. నాకు తల తీసేసినట్టయింది.

ఆమె ఒంటి మీద ఎప్పుడూ చమ్కీ ఉండేది. కార్డుల మీద చల్లే ఆ మెరుపు పొడి ఎంత కడిగినా పోదు. జుట్టులో, కనుబొమల్లో, గోళ్ల సందుల్లో ఉండేది. ఆమె వండిన పప్పులో కూడా మెరిసేది. మా మామగారు పోయిన రోజు, కన్నతండ్రి కదా, గుండెలు బాదుకుని ఏడుస్తుంటే చెంపల మీద చమ్కీ తళతళమంటోంది. పరామర్శకు వచ్చిన ఒకామె నా చెవిలో, "మీ వదినె పౌడరేస్కోని ఒచ్చిందా ఏంది?" అని అడిగింది. ఆ దుఃఖంలోనూ నాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేనూ వెక్కి వెక్కి ఏడుస్తున్నానని వదిన వచ్చి నన్ను కౌగలించుకుంది. నా జాకెట్టుకు కూడా చమ్కీ అంటింది.

పనిలో మాత్రం ఆమెకు మడి ఉండేది. గణపతి బొమ్మలు పొద్దున్నే స్నానం చేసి అతికించాలి. కుచ్చులు, కవర్లు మధ్యాహ్నానికి. ఎడమ చేత్తో గణపతిని ముట్టేది కాదు. ఒక్కో కట్ట పూర్తి కాగానే పైన అరచెయ్యి పెట్టి "సల్లగుండుండ్రి" అనేది. ముక్కూ ముఖం తెలియని పెండ్లికొడుకుకు, పెండ్లికూతురికి. "వాళ్లెవరో నీకు తెలుసా ఒదినె?" అని ఆటపట్టిస్తే, "ఎర్కలేకుంటేంది? నా చేతులకెల్లే గద పోతున్నరు," అనేది.

కార్డులన్నీ చదివేది కూడా. ఒకసారి ఒక కట్టలో తారీఖు ఒకటి, వారం ఇంకొకటి ఉన్నాయని కనిపెట్టింది. ఎండలో ఆ మూటంతా తిరిగి దిల్‌సుఖ్‌నగర్ మోసుకుపోయి చూపించింది. ఆ ఇంటివాళ్లు బతికిపోయారు, లేకుంటే సగంమంది చుట్టాలు ముందురోజే దిగేవాళ్లు. కార్ఖానా అతను మంచినీళ్లు కూడా ఇయ్యలేదట. "ఇయ్యకపోతే మానె, లగ్గమైతే పదిలంగైతది గద," అంది నాతో, కాళ్లు పిసుక్కుంటూ.

మూఢం వస్తే ఆమెకు పని ఉండేది కాదు. "లోకానికి మూఢమొస్తే లగ్గాలాగుతయి, నాకైతే పొయ్యే ఆగుతది," అనేది. తరువాత తరువాత ముహూర్తాలున్న నెలల్లోనూ కట్టలు తగ్గాయి. అందరూ ఫోన్లలో పత్రిక పంపేస్తున్నారు. మా బంధువు ఒకాయన అలా పంపితే నా ఫోను తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఫోన్ల ఒచ్చిన పత్రికకు పసుపేడ పెడ్తరు పిల్లా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఇన్ని చెబుతున్నాను గాని, బతికున్నప్పుడు ఆమె అంటే నాకు భయం. నాకే కాదు, మా వంశం మొత్తానికి. ఎవరు కార్డు తెచ్చి ఇచ్చినా, బొట్టు పెట్టించుకుని, మూల రెండు వేళ్ల మధ్య నలిపి, వాళ్ల ముందే ధర చెప్పేసేది. "గిది ఆరు రూపాలది. పైన మెరుగు జూసి మోసపోకుండ్రి." చెప్పిన ధర తప్పేది కాదు. ఒక పెండ్లిలో బంతి మధ్యలో కూర్చుని, "కార్డు ఇరవై రెండు రూపాలది, సాంబార్ల మాత్రం ఉప్పు లేదు," అని ఊరంతా వినేట్టు అంది. ఆ పెండ్లికూతురి తల్లి ఇప్పటికీ మా వాళ్లతో మాట్లాడదు.

ఈ నోటికి భయపడే మా పెద్దవాడి పెండ్లికి నేనొక పని చేశాను.

మామూలుగానైతే ఆమెకే చెప్పాలి. కార్ఖానాలో తెలిసిన మనిషి, నాలుగు పైసలు తగ్గేవి. కాని ఆమెకు చెబితే కార్డు ధర పెండ్లికి ముందే ఊరూరా తెలిసిపోతుంది. పైగా మాకు రెండు రకాలు కావాలి. పెద్దవాడు పట్టుబట్టాడు, ఆఫీసువాళ్లకు, పెండ్లికూతురి తరఫువాళ్లకు మంచి కార్డు ఉండాలని. అందరికీ అదే కొట్టించే తాహతు మాకెక్కడిది? మా ఆయన జీతం నాకు తెలుసు. అందుకని డెబ్భై అయిదు మంచివి. మెరూన్ రంగు, దళసరి అట్ట, తలుపులు తీస్తే లోపల బంగారు గణపతి, పక్కన పట్టు కుచ్చు. నాలుగు వందలు మామూలువి, ఒక్క మడత, పలుచటి కాగితం. వదినకు తెలియకుండా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణంలో ఇచ్చి వచ్చాం.

జాబితా నేనే రాశాను. మంచి కార్డులు ఎవరికి, మామూలువి ఎవరికి. కూర్చుని రాస్తుంటే తెలిసింది, దూరపువాళ్లందరూ ఒక వైపు, దగ్గరివాళ్లందరూ ఇంకో వైపు పడుతున్నారని. "మనోళ్లే గద, ఏమనుకోరు," అన్నాడు మా ఆయన. నేనూ అదే అనుకున్నాను. చివరికి ఒక్క మంచి కార్డు మిగిలింది. దాన్ని వదినకు రాద్దామా అని పెన్ను ఎత్తాను. పట్టి నలిపి, "పైసలెక్కువైనయా?" అంటుందని దించేశాను. మా కాలనీ సంఘం ప్రెసిడెంటుకు రాశాను. ఆయన పెండ్లికి రానేలేదు. ఆ కార్డు నెలరోజుల తరువాత వాళ్ల చెప్పుల స్టాండు మీద కనిపించింది.

కార్డులు ఇంటికి వచ్చిన రోజు నేను పొంగిపోయిన సంగతి ఒకటి చెప్పాలి. మంచి కార్డులన్నింటికీ నాలుగు మూలలా పసుపు పెట్టి ఉంది. చిన్న చుక్క, గోరంత, ఒక్కటీ చెదరలేదు. మామూలువాటికి లేదు. "చూసినవా, పెద్ద దుకాణం పెద్ద దుకాణమే. నాకు కొంత పని తప్పింది," అని మా ఆయనతో అన్నాను. దుకాణాల్లో పసుపు పెట్టి ఇస్తారా అని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నా బుద్ధి గడ్డి తింది.

మొదటి పిలుపు ఆడబిడ్డకే కదా. మంచిరోజు చూసుకుని నేనూ ఆయనా మీర్‌పేట వెళ్లాం. వదిన నేల మీద కాళ్లు చాపుకుని ఎవరివో కార్డులు అతికిస్తోంది. మమ్మల్ని చూడగానే లేచి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వచ్చి పీట మీద కూర్చుంది. పిలుపు ఇంత పద్ధతిగా అందుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. బొట్టు పెట్టాను. కార్డు చేతిలో పెట్టి, "ఒదినె, వారం ముందుగాల్నే రావాలె. నువ్వు లేంది పని గాదు," అన్నాను. ఆమె వేళ్లనే చూస్తున్నాను. ఇప్పుడు నలుపుతుంది, ఇప్పుడు ధర చెబుతుంది అని.

నలపలేదు. రెండు చేతులతో తీసుకుంది. కళ్లకద్దుకుంది. చాలాసేపు చూసింది, తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"మంచిగున్నది పిల్లా," అంది.

నాకు ప్రాణం లేచివచ్చింది. చాయ్ పెట్టింది. చాయ్ గ్లాసు నా చేతికిస్తూ, ఎటో చూస్తూ అడిగింది.

"ఎన్ని కొట్టిచ్చిండ్రు?"

"నాలుగొందలు ఒదినె."

"గన్నేనా?"

"గన్నే," అన్నాను.

మా ఆయన చాయ్ ఊదుకుంటూ తల దించుకున్నాడు. వదిన నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే గుర్తుపట్టేదాన్ని, ఆమె కోపం నాకు కొత్తేమీ కాదు. "మంచిది," అంది. "ఖర్సు తగ్గించుకున్నరు. మంచిగ చేసిండ్రు." కార్డును దేవుడి పటం వెనక పెట్టి వచ్చింది.

తిరిగి వస్తూ ఆటోలో మా ఆయనతో గొప్పగా అన్నాను కూడా, "సూడు, మీ అక్కకు మనమంటే ప్రేమ. ధర చెప్పలే," అని.

వారం ముందే వచ్చింది. మావాడికి నలుగు పెట్టింది, మంగళ స్నానం చేయించింది, పనివాళ్లను తిట్టింది, నన్ను తిట్టింది. కొత్తకోడలు గడప దగ్గరికి రాగానే తలుపుకు అడ్డంగా నిలబడి, మొగుడి పేరు చెప్పందే రానియ్యనంది. మా కోడలు చదువుకున్న పిల్ల, టకామని చెప్పేసింది. "గంత జల్దీనా? జర సిగ్గుపడు బిడ్డా, నా ముచ్చట తీరాలె," అని మళ్లీ చెప్పించింది. అందరం నవ్వాం. ఆమె జుట్టులో చమ్కీ, పెండ్లి దీపాల వెలుగులో మెరుస్తూనే ఉంది. ఏ ఒక్క మాటలోనూ, ఏ చూపులోనూ తేడా లేదు. ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆమె పోయాక, దినాల నాడు, మీర్‌పేట ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నాను. ఆమెతో కలిసి కార్డుల పని చేసిన పక్కింటామె వచ్చి నా దగ్గర కూర్చుంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక కళ్లు తుడుచుకుని అంది:

"మీ పెద్దకొడుకు కార్డులు మా కార్ఖానకే ఒచ్చినయమ్మా. మెరూనువి. పేర్లు చదివి ఈమె ఎగిరి గంతేసినంత పనిచేసింది. నా మేనల్లునియి, ఎవలు ముట్టొద్దన్నది. ఒక్కతే కూసోని డెబ్భై అయిదూ అతికిచ్చింది. పసుపు గూడ తనే పెట్టింది. కార్ఖానాయిన తిడ్తడే అంటే, తిడ్తె తిట్టనీ, మేనత్తను నేను పెట్టకుంటె ఎవలు పెడ్తరన్నది."

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"గల్లీ అంత తిప్పి చూపిచ్చింది. నాకు గూడ గిట్లాంటిదే ఒస్తది, తమ్ముడు మరదలు పట్కొస్తరు, అప్పుడు గోడకు పెట్టుకుంట అన్నది. మీరొచ్చి పోయినంక, ఏదే నీ కార్డు అని నేనే అడిగిన. దేవుని కాడ పెట్టిన, తియ్యొద్దు అన్నది. ఎన్నిసార్లడిగినా గదే మాట. జర చూద్దామన్న చూడనియ్యలే."

ఆమె నన్ను దెప్పిపొడవడానికి చెప్పలేదు. ఏ కార్డు ఇచ్చామో ఆమెకు ఈనాటికీ తెలియదు. వదిన తెలియనియ్యలేదు. ఊరందరి కార్డుల ధరలు నడిబజారులో చెప్పిన మనిషి, పుట్టింటి కార్డు ధర మాత్రం దేవుడి పటం వెనక దాచింది. నేను "గన్నే" అని చెబుతున్నప్పుడు ఆ డెబ్భై అయిదింటి పసుపు ఆమె గోళ్లలోంచి ఇంకా పోయి ఉండదు. అబద్ధమని తెలిసీ నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చింది. నాకు సిగ్గేసింది. ఇప్పుడిది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది. ఆమె నోటికి భయపడి చేశాను కదా, ఒక్కసారి నోరారా తిట్టి ఉంటే ఎంత బాగుండేది తల్లీ అనిపిస్తుంది.

లేచి లోపలికి వెళ్లి దేవుడి పటం వెనక చూశాను. ఉంది. పలుచటి కాగితం కదా, అగరుబత్తి పొగకు రంగు మారి, వంకర తిరిగింది. తియ్యబుద్ధి కాలేదు. అక్కడే ఉంచి వచ్చాను.

పోయిన వారం దుకాణంలో ఆ తొమ్మిది రూపాయలదే ఖాయం చేశాను. అందరికీ అదే, వియ్యంకులకూ, ఆఫీసువాళ్లకూ, మా ఇంటి పక్కన ఇస్త్రీ చేసే అతనికీ. చిన్నవాడు మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. మంచి కార్డు అందరికీ కొట్టించే తాహతు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇదేదో గొప్ప పని చేశానని చెప్పడం లేదు. చెయ్యాల్సినప్పుడు చెయ్యలేదు, ఇప్పుడు చేస్తే ఎవరికి లాభం?

నిన్న మధ్యాహ్నం కార్డులు వచ్చాయి. వాటి మూలలు తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. గిన్నెలో పసుపు తడిపి కింద కూర్చున్నాను. ఒక్కో కార్డుకు నాలుగు చుక్కలు. నలభై కార్డులకే నడుము పట్టేసింది. నా చుక్కలు కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, కొన్ని జారి కిందికి కారాయి. ఆమె పెట్టినట్టు గోరంత, చెదరకుండా పెట్టడం నాకు చేతకాలేదు. మా కోడలు వంటింట్లోంచి వచ్చి కట్టలు చూసింది.

"అత్తమ్మా, గిన్నేనా? వేరేవి గూడ ఉన్నయా?"

"గిన్నే," అన్నాను.

ఈసారి అబద్ధం చెప్పలేదు. కాని అడిగింది మా వదిన కాదు.